దూరప్రవేశ సాధనాల ఎంపిక: ఖర్చు, భద్రత, నమ్మకం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సంస్థ ఆవరణకు వెలుపల ఉన్న ఉద్యోగి, అధ్యాపకుడు లేదా పరిశోధక విద్యార్థి ఆ సంస్థ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడాన్ని ఈ వ్యాసంలో 'దూరప్రవేశం' అని వ్యవహరిస్తున్నాం. అద్దె లైన్ల కాలం నుంచి నేటి వరకు దూరప్రవేశ సాధనాలు మారుతూ వచ్చిన క్రమాన్ని, ఆ మార్పులకు ఖర్చు కారణమైన తీరును, ప్రతి మార్పులో భద్రతాభారం ఎవరి మీదికి చేరిందన్న అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం. భారతదేశంలోని విద్యాసంస్థల, సాఫ్ట్‌వేర్ సంస్థల అనుభవానికి ఇందులో ప్రాధాన్యం ఇవ్వడమైంది. కొత్తగా వచ్చిన ప్రతి చవక సాధనమూ అద్దెను, ధరను తగ్గించింది; అయితే తగ్గిన ఖర్చులో కొంత భాగాన్ని నిర్వహణశ్రమ రూపంలో సంస్థకే అప్పగించింది. ఆ శ్రమను లెక్కలో చేర్చకుండా చేసిన ఎంపికలు చవకగా మొదలై ప్రమాదంగా పరిణమించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దూరప్రవేశం, అద్దె లైను, వీపీఎన్, గుప్తీకరణ, ధ్రువీకరణ, ఇన్‌ఫ్లిబ్‌నెట్, ఎన్-లిస్ట్, జీరో ట్రస్ట్.

1. ఉపోద్ఘాతం

సంస్థకు దూరప్రవేశ సాధనాన్ని ఎంపిక చేయడం పైకి కొనుగోలు సంఘం పనిగా కనిపిస్తుంది. కొటేషన్లు తెప్పించి, తులనాత్మక పట్టిక తయారుచేసి, సాంకేతిక అర్హత పొందినవాటిలో అతి తక్కువ ధర ఇచ్చిన ఎల్-1 సంస్థకు ఆర్డరు ఇవ్వడం మన విద్యాసంస్థల్లో, కార్యాలయాల్లో స్థిరపడిన పద్ధతి. కుర్చీలు, ప్రింటర్లు కొనడానికి ఈ పద్ధతి సరిపోతుంది. దూరప్రవేశం విషయంలో మాత్రం ఇది ఒక మౌలికప్రశ్నను వదిలివేస్తుంది. బయట ఉన్న మనిషిని లోపలి మనిషిగా గుర్తించడానికి సంస్థ దేనిని నమ్ముతోంది? ఆ నమ్మకం చెడకుండా ప్రతిరోజూ కనిపెట్టి ఉండేది ఎవరు?

గత నాలుగు దశాబ్దాల్లో మొదటి ప్రశ్నకు ప్రధానంగా నాలుగు సమాధానాలు వచ్చాయి. తీగను నమ్మడం మొదటిది. నెట్‌వర్క్ చిరునామాను నమ్మడం రెండవది. రహస్యపు తాళంచెవి ఉన్న పరికరాన్ని నమ్మడం మూడవది. ప్రతి అభ్యర్థన వెనుక ఉన్న వ్యక్తిని విడివిడిగా ధ్రువీకరించడం నాలుగవది. ఇవి ఒకదాని తరువాత ఒకటి వచ్చి పాతదాన్ని పూర్తిగా తొలగించలేదు. నేటికీ ఒకే విశ్వవిద్యాలయంలో నాలుగూ పక్కపక్కనే పనిచేస్తూ ఉండవచ్చు. అందువల్ల వీటి చరిత్ర తెలియడం వర్తమాన ఎంపికకు కూడా అవసరం.

వ్యక్తులు తమ ఉనికిని దాచుకోవడానికి చందా కట్టి వాడే వాణిజ్య వీపీఎన్ సేవలు ఈ వ్యాసపరిధిలోకి రావు. సంస్థ తన సొంత వనరులలోకి తనవారికి దారి ఇచ్చే ఏర్పాట్లు మాత్రమే ఇక్కడ చర్చనీయాంశం.

2. తీగపై నమ్మకం: అద్దె లైన్లు, డయల్-అప్

తొలిదశలో రెండు కార్యాలయాలను కలపాలంటే టెలిఫోన్ సంస్థ నుంచి ప్రత్యేకమైన అద్దె లైను తీసుకోవలసి ఉండేది. దాని అద్దె దూరాన్ని, సామర్థ్యాన్ని బట్టి ఉండేది. వాడినా వాడకపోయినా అద్దె తప్పదు. ఆ తీగకు రెండు చివరలా ఉన్నది తమవారే కాబట్టి, దానిలో ప్రవహించే సమాచారాన్ని వేరుగా గుప్తీకరించవలసిన అవసరం సాధారణంగా కనిపించలేదు. భద్రత అద్దెలోనే కలిసి వచ్చిందని సంస్థలు భావించాయి.

ఒంటరిగా పనిచేసే ఉద్యోగికి అద్దె లైను ఇవ్వడం సాధ్యం కాదు. అతనికి మోడెం, టెలిఫోన్ నంబరు ఇచ్చారు. ఇక్కడే తొలి భద్రతాసమస్య ఎదురైంది. అద్దె లైనుకు రెండే చివరలు ఉంటాయి. టెలిఫోన్ నంబరును ప్రపంచంలో ఎవరైనా తిప్పవచ్చు. 1983లో అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన '414' అనే యువకుల బృందం మోడెంల ద్వారా లాస్ ఆలమోస్ ప్రయోగశాల, న్యూయార్క్‌లోని స్లోన్-కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి కంప్యూటర్లతో సహా అనేక వ్యవస్థల్లోకి చొరబడింది. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతుల్లో 'తిరుగు పిలుపు' ఒకటి. ఉద్యోగి సంకేతపదం చెప్పగానే సంస్థ మోడెం ఫోను పెట్టేసి, ముందుగా నమోదైన నంబరుకు తానే తిరిగి ఫోను చేసేది. అంటే నమ్మకాన్ని మళ్ళీ తీగ మీదికే మళ్ళించే ప్రయత్నం జరిగింది. ప్రయాణాల్లో ఉండే ఉద్యోగికి ఈ పద్ధతి పనికిరాలేదు. 1991లో అమెరికాలోని మెరిట్ నెట్‌వర్క్ అవసరం కోసం లివింగ్‌స్టన్ సంస్థ రూపొందించిన 'రేడియస్' విధానం, ఎన్ని మోడెంలు ఉన్నా వినియోగదారుల ధ్రువీకరణను ఒకే చోట జరిపే వీలు కల్పించింది. వ్యక్తి గుర్తింపును తీగ నుంచి విడదీసిన తొలి అడుగుల్లో ఇదొకటి.

భారతదేశంలో ఈ దశ మరింత ఖరీదైనది. 1985లో బెంగళూరులో కేంద్రం ప్రారంభించిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విదేశీ కార్యాలయంతో కలవడానికి సొంత ఉపగ్రహ అనుసంధానాన్ని ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. అంతటి పెట్టుబడి చిన్న సంస్థలకు అందదు. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఈ ఇబ్బందికి సామూహిక పరిష్కారం చూపింది. ఒక భూకేంద్రాన్ని ప్రభుత్వసంస్థ నిర్వహిస్తే, దాని సామర్థ్యాన్ని అనేక కంపెనీలు పంచుకున్నాయి. తొలినాటి కేంద్రాల్లో హైదరాబాదు కూడా ఉంది. విద్యారంగంలో 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో ఎలక్ట్రానిక్స్ శాఖ మొదలుపెట్టిన ఎర్నెట్, ఐఐటీలను, భారతీయ విజ్ఞానసంస్థను, ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీని కలుపుతూ ఇదే సూత్రంపై సాగింది. ఖరీదైన తీగను పంచుకోవడమే ఆనాటి పొదుపు.

3. ఒకే పేరు, రెండు ఏర్పాట్లు: వీపీఎన్ ఆవిర్భావం

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. 1998 నవంబరులో ఈ రంగం ప్రైవేటు సంస్థలకు తెరుచుకుంది. దీనివల్ల దూరప్రవేశం లెక్క మారిపోయింది. అంతకుముందు వేరే ఊరిలోని ఉద్యోగి ప్రధాన కార్యాలయపు మోడెంకు ఎస్టీడీ కాల్ చేయవలసి వచ్చేది. ఇంటర్నెట్ వచ్చాక స్థానిక కాల్‌తో తన ఊరి సేవాసంస్థను చేరి, అక్కడినుంచి ఎంత దూరమైనా వెళ్ళే వీలు కలిగింది. అయితే ఆ దారి అందరిదీ. అద్దె లైనులో ఉన్న ఏకాంతం అందులో లేదు. ఆ ఏకాంతాన్ని గుప్తీకరణ ద్వారా కృత్రిమంగా కల్పించే ఏర్పాటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, అంటే వీపీఎన్. ఒక ఉత్తరాన్ని సీలు వేసిన కవరులో పెట్టి మామూలు తపాలాలో పంపినట్లుగా, సంస్థ సమాచారపు పొట్లాలను మరో పొట్లంలో మూసి బహిరంగ మార్గంలో పంపుతారు. సాంకేతికపరిభాషలో దీనిని 'టన్నెల్' అంటారు.

ఈ దశలో రెండు ధోరణులు ఎదురెదురుగా నిలిచాయి. మొదటిది మైక్రోసాఫ్ట్, మరికొన్ని సంస్థలు కలిసి రూపొందించిన పీపీటీపీ. 1996లో విడుదలైన విండోస్ ఎన్‌టీ 4.0లో ఇది భాగంగా వచ్చింది. వేరే ధర లేదు, అమర్చడం తేలిక. 1998లోనే బ్రూస్ ష్నైయర్, మడ్జ్ అనే భద్రతా పరిశోధకులు మైక్రోసాఫ్ట్ అమలు చేసిన తీరులోని తీవ్రలోపాలను ప్రకటించారు. సవరణలు జరిగినా బలహీనత పోలేదు. 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్‌లు దాని ధ్రువీకరణ పద్ధతిని పూర్తిగా ఛేదించవచ్చని చూపారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ స్వయంగా హెచ్చరిక జారీచేసింది. మొదటి విమర్శకూ ఈ హెచ్చరికకూ మధ్య 14 ఏళ్ళు గడిచినా ఆ పద్ధతి వాడుకలో కొనసాగింది. అదనపు ధర లేకుండా చేతిలో ఉన్న సాధనాన్ని వదులుకోవడానికి సంస్థలు ఇష్టపడకపోవడం ఇందుకు ఒక కారణంగా భావించవచ్చు.

రెండవ ధోరణి ఐపీసెక్. దీని తొలి ప్రమాణపత్రాలు 1995 ఆగస్టులో, సవరించిన రూపం 1998 నవంబరులో వెలువడ్డాయి. గుప్తీకరణ దృష్ట్యా ఇది దృఢమైనది. అయితే నీల్స్ ఫెర్గుసన్, బ్రూస్ ష్నైయర్‌లు తమ సమీక్షలో దీని ప్రధానదోషం సంక్లిష్టతేనని విమర్శించారు. ఎన్నో ఐచ్ఛికాలు ఉన్న వ్యవస్థను తప్పుగా అమర్చే అవకాశాలూ అన్నే ఉంటాయి. ఒకే చిరునామాను అనేక కంప్యూటర్లు పంచుకునే ఇళ్ళు, హోటళ్ళ నుంచి ఇది సాఫీగా పనిచేయడానికి కావలసిన ప్రమాణం 2005లో గాని రాలేదు. నిపుణుణ్ణి నియమించుకోగల పెద్ద సంస్థలకే ఇది పూర్తిగా ఉపయోగపడింది.

ఇదే కాలంలో 'వీపీఎన్' అనే పేరు మరొక ఏర్పాటుకు కూడా స్థిరపడింది. 1999 మార్చిలో ప్రమాణపత్రం వెలువడిన ఎంపీఎల్‌ఎస్ ఆధారిత వీపీఎన్‌ను టెలికాం సంస్థ తన నెట్‌వర్క్ లోపలే కల్పిస్తుంది. ఒక ఖాతాదారు సమాచారం మరొకరి దానితో కలవకుండా అది వేరుచేస్తుంది. కాని సహజంగా గుప్తీకరించదు. అక్కడ నమ్మవలసింది టెలికాం సంస్థను. భావన దృష్ట్యా ఇది పాత అద్దె లైనుకు కొత్తరూపం.

తెలుగు నేలపై అనేక డిగ్రీ కళాశాలలకు వీపీఎన్ అన్న మాట ఈ రెండవ అర్థంలోనే పరిచయమైంది. సమాచార సాంకేతికత ద్వారా విద్య కోసం ఉద్దేశించిన జాతీయ కార్యక్రమం, ఎన్‌ఎంఈఐసీటీ, 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభమైంది. దాని కింద విశ్వవిద్యాలయాలకు 1 గిగాబిట్ అనుసంధానం, కళాశాలలకు బీఎస్ఎన్ఎల్ ద్వారా 512 కిలోబిట్ల 'వీపీఎన్ ఓవర్ బ్రాడ్‌బ్యాండ్' కనెక్షన్లు ఇచ్చారు. సాధారణ రాష్ట్రాల్లో ఖర్చులో 75 శాతం కేంద్రం భరించగా 25 శాతం సంస్థ చెల్లించింది. ఈ ఏర్పాటు కళాశాల భవనాన్ని నెట్‌వర్క్‌తో కలిపింది. అధ్యాపకుని ఇంటిని కలపలేదు. ఒకే పేరు వల్ల ఈ రెండింటినీ ఒకటిగా భావించే అవకాశం ఉంది. 'మాకు వీపీఎన్ ఉంది' అన్న వాక్యం ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నదో విడమరచి చెప్పదు.

4. చవకదారులు: బ్రౌజరు ద్వారం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

2000 తరువాతి తొలి సంవత్సరాల్లో రెండు చవకదారులు ఏర్పడ్డాయి. బ్యాంకు లావాదేవీలకు బ్రౌజర్లు వాడే గుప్తీకరణనే దూరప్రవేశానికి వాడుకునే ఎస్ఎస్ఎల్ వీపీఎన్ మొదటిది. ప్రతి ఉద్యోగి కంప్యూటరులోనూ ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అమర్చి, సరిచేసే శ్రమ దీనితో చాలావరకు తగ్గింది. నియోటెరిస్ అనే సంస్థ దీనికి మార్గదర్శి. సంస్థ ద్వారం వద్ద ఒక పరికరాన్ని నిలిపితే చాలు, ఉద్యోగి ఎక్కడినుంచైనా బ్రౌజరు తెరిచి లోపలికి రావచ్చు.

రెండవది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మధ్య ఆసియాలో ప్రయాణిస్తూ నమ్మదగని నెట్‌వర్కుల మీదుగా తన కార్యాలయంతో కలవవలసి వచ్చిన జేమ్స్ యోనన్ 2001 మేలో ఓపెన్‌వీపీఎన్ తొలిరూపాన్ని విడుదల చేశాడు. లైసెన్సు రుసుము లేదు. మూలసంకేతాన్ని ఎవరైనా పరిశీలించవచ్చు. పాత కంప్యూటరునే ప్రవేశద్వారంగా మార్చుకోవచ్చు. చిన్న సంస్థలకు ఇది పెద్ద ఊరట. అయితే ధ్రువపత్రాల తయారీ, వాటి గడువు, ఉద్యోగం వదిలిన వ్యక్తి పత్రాన్ని రద్దుచేయడం వంటి పనులన్నీ సంస్థలోనే ఎవరో ఒకరు నేర్చుకొని చేయవలసి వచ్చింది. మొదటి దారిలో ధర చెల్లించి శ్రమను అమ్మకందారుకు అప్పగించారు. రెండవ దారిలో శ్రమను సంస్థ తానే స్వీకరించి ధరను మిగుల్చుకుంది.

ఈ రెండూ కాక, కార్యాలయంలోని కంప్యూటరు తెరను నేరుగా ఇంటినుంచి చూసే రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి విండోస్‌తోపాటే వచ్చింది. దీనిని టన్నెల్ లోపల వాడితే ఇబ్బంది తక్కువ. టన్నెల్ ఖర్చు కూడా ఎందుకని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిన చోట్ల అది దాడులకు ప్రధాన మార్గమైంది. 2019లో బయటపడిన 'బ్లూకీప్' లోపం సంకేతపదం తెలియకుండానే పాత విండోస్ యంత్రాల్లోకి చొరబడే వీలు కల్పించింది. చవకదారుల్లో అత్యంత చవకైనదే అత్యంత ప్రమాదకరమైందనడానికి ఇది నిదర్శనం.

5. గ్రంథాలయ ద్వారం: చిరునామా నుంచి వ్యక్తికి

పరిశోధకులకు దూరప్రవేశం అన్నింటికన్నా ఎక్కువగా అనుభవంలోకి వచ్చేది గ్రంథాలయం ద్వారా. ఎలక్ట్రానిక్ పత్రికల ప్రచురణకర్తలు చందాదారును గుర్తించడానికి నెట్‌వర్క్ చిరునామాను ప్రమాణంగా తీసుకున్నారు. విశ్వవిద్యాలయపు చిరునామా నుంచి వచ్చిన ప్రతి అభ్యర్థనా చందాదారుదే. ఒక్కొక్కరికి సంకేతపదం ఇచ్చి నిర్వహించే శ్రమ లేదు కాబట్టి ఇది ప్రచురణకర్తకూ గ్రంథాలయానికీ చవక. దీని నష్టం పరిశోధకునిపై పడింది. ఆవరణలో ఉన్నంతసేపు వ్యాసం తెరుచుకుంటుంది. హాస్టలు దాటి స్వగ్రామానికి వెళితే అదే వ్యాసం మూసుకుపోతుంది. పార్ట్-టైమ్ పరిశోధకులకు, ఆవరణకు దూరంగా క్షేత్రపరిశోధన చేసేవారికి ఇది నేరుగా నష్టం కలిగించిన ఏర్పాటు.

ఈ సమస్యకు అమెరికాలోని ఆరిజోనాలో ఒక కమ్యూనిటీ కళాశాల గ్రంథాలయాధికారి క్రిస్ జాగర్ 1999లో ఈజీప్రాక్సీ రూపంలో పరిష్కారం చూపాడు. పాఠకుడు గ్రంథాలయపు మధ్యవర్తి సర్వరుకు తన గుర్తింపు చెబుతాడు. ఆ సర్వరు తన చిరునామాతో ప్రచురణకర్త వద్దకు వెళ్ళి వ్యాసం తెచ్చి ఇస్తుంది. మొత్తం నెట్‌వర్క్‌ను తెరిచే వీపీఎన్‌తో పోలిస్తే ఇది పత్రికలకు మాత్రమే దారి ఇస్తుంది. అవసరమైనంత మేరకే ప్రవేశం అన్న సూత్రాన్ని గ్రంథాలయాలు ఈ విధంగా ముందే ఆచరించాయి. 2008లో ఓసీఎల్‌సీ దీనిని తీసుకుంది. మరోవైపు ఇంటర్నెట్2 ప్రాజెక్టుగా మొదలై 2003లో తొలి వెర్షన్ వెలువడిన షిబొలెత్, చిరునామాను పూర్తిగా పక్కనపెట్టింది. ప్రచురణకర్త వ్యక్తి సంకేతపదాన్ని చూడడు. 'ఇతడు మావాడే' అని అతని విశ్వవిద్యాలయం ఇచ్చే హామీని మాత్రమే స్వీకరిస్తాడు.

మన దేశంలో 1991లో మొదలై 1996లో స్వతంత్ర కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఈ రెండు పద్ధతులనూ వాడింది. ఎన్-లిస్ట్ పథకం కింద కళాశాల అధ్యాపకులకు, విద్యార్థులకు విడివిడిగా గుర్తింపులు ఇచ్చి మధ్యవర్తి సర్వర్ల ద్వారా పత్రికలు అందించింది. షిబొలెత్ ఆధారంగా ఇన్‌ఫెడ్ అనే సమాఖ్యను ఏర్పరచింది. సొంత సర్వరు, సొంత నిపుణుడు లేని గ్రామీణ ప్రాంతపు డిగ్రీ కళాశాలకు కూడా దూరప్రవేశం అందడం ఈ కేంద్రీకృత నిర్వహణ వల్లనే సాధ్యమైంది. భూకేంద్రాన్ని పంచుకున్న పాత పొదుపుసూత్రం ఇక్కడ నైపుణ్యాన్ని పంచుకోవడంగా మారింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం, మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయల కేటాయింపుతో, 6,300కు పైగా సంస్థలకు 30 ప్రచురణసంస్థల పత్రికలను అందించడానికి సంకల్పించింది. చందా ఇంత విస్తరించిన తరువాత, ఆవరణ వెలుపల ఉన్న పరిశోధకుని గుర్తింపును ఎలా నిర్ధారించాలన్న ప్రశ్నకు ప్రాధాన్యం మరింత పెరిగింది.

వ్యక్తిని నమ్మే పద్ధతికి ఉన్న బలహీనత వ్యక్తిని మోసగించగలగడం. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ వెల్లడించిన అభియోగపత్రం ప్రకారం, ఇరాన్‌కు చెందిన మబ్నా ఇన్‌స్టిట్యూట్ తరఫున పనిచేసినవారు 22 దేశాల్లోని 320 విశ్వవిద్యాలయాలను లక్ష్యంగా చేసుకున్నారు. మోసపూరిత ఈమెయిళ్ళతో సుమారు 8,000 మంది ఆచార్యుల ఖాతాలను చేజిక్కించుకొని, 31 టెరాబైట్లకు మించిన పరిశోధన సమాచారాన్ని తరలించారన్నది ఆరోపణ. పత్రికలు చదవడానికి ఇచ్చిన సంకేతపదం కూడా విలువైన ఆస్తి అని విద్యాలోకానికి తెలిపిన ఘటన ఇది.

6. 2020: తాత్కాలిక ఏర్పాట్లు స్థిరపడిన వైనం

2020 నాటికి దూరప్రవేశం చాలా సంస్థల్లో కొద్దిమందికి ఇచ్చే సౌకర్యం మాత్రమే. దానికి తగినట్లే లైసెన్సుల సంఖ్య, పరికరాల సామర్థ్యం ఉండేవి. కోవిడ్ కారణంగా మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రావడంతో అందరూ ఒకేసారి బయటినుంచి లోపలికి రావలసి వచ్చింది.

భారతదేశంలో దీనికి ఒక న్యాయపరమైన కోణం కూడా ఉంది. కాల్ సెంటర్లు, ఐటీ ఆధారిత సేవాసంస్థలు 'ఇతర సేవా ప్రదాతలు' అనే వర్గం కింద టెలికాం శాఖ నియమాలకు లోబడి ఉండేవి. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగిని కేంద్రంతో కలపడానికి అధీకృత టెలికాం సంస్థ ఇచ్చే వీపీఎన్ వాడాలన్నది నిబంధన. అంటే నమ్మవలసిన సాధనం ఏదో ప్రభుత్వమే నిర్ణయించింది. 2020 మార్చి 13న టెలికాం శాఖ ఈ షరతులను తాత్కాలికంగా సడలించి, సంస్థలు స్వయంగా ఏర్పాటు చేసుకున్న సురక్షిత వీపీఎన్‌ను అనుమతించింది. అదే ఏడాది నవంబరు 5న వెలువడిన కొత్త మార్గదర్శకాలు, 2021 జూన్ 23 నాటి సవరణలు ఆ సడలింపును మరింత విస్తరించి స్థిరపరచాయి. హైదరాబాదు ఐటీ రంగంలో ఇంటినుంచి పని అంత త్వరగా విస్తరించడానికి సాంకేతికతతోపాటు ఈ నియమాల సడలింపు కూడా దోహదం చేసింది. దీనితో ఎంపిక స్వేచ్ఛ సంస్థకు దక్కింది. ఎంపిక తప్పితే కలిగే బాధ్యత కూడా సంస్థకే చేరింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2020 మార్చి 29న విడుదలైన లినక్స్ 5.6లో వైర్‌గార్డ్ భాగమైంది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన ఈ సాధనం దాదాపు 4,000 వరుసల మూలసంకేతంతో రాయబడింది. ఐపీసెక్‌పై వచ్చిన సంక్లిష్టత విమర్శకు ఇది ఇరవై ఏళ్ళ తరువాత వచ్చిన సమాధానం. ఐచ్ఛికాలను తగ్గించి, ప్రతి పరికరానికీ ఒక జత తాళంచెవులు ఇచ్చి, తక్కినదంతా తొలగించింది. అయితే వ్యక్తిని గుర్తించే పని, తాళంచెవులు పంచే పని దీని పరిధిలో లేవు. వాటిని సంస్థ వేరుగా సమకూర్చుకోవాలి, లేదా ఆ పని చేసే మరొక సేవకు చందా కట్టాలి.

7. ద్వారమే బలహీనమైనప్పుడు

నియోటెరిస్ పరికరపు తదుపరి చరిత్ర సంస్థలకు పాఠం వంటిది. నియోటెరిస్‌ను నెట్‌స్క్రీన్, నెట్‌స్క్రీన్‌ను 2004లో జూనిపర్ కొనుగోలు చేశాయి. 2014లో ఆ విభాగం పల్స్ సెక్యూర్ పేరుతో విడిపోయింది. 2020లో ఇవాంటి చేతికి వచ్చింది. యజమానులు మారినా సంస్థల ద్వారాల వద్ద ఆ వంశపు పరికరాలే నిలిచాయి. 2019 ఏప్రిల్‌లో ఒక తీవ్రలోపానికి సవరణ విడుదలైంది. అనేక సంస్థలు నెలల తరబడి దానిని అమర్చుకోలేదు. ఆగస్టు నాటికి దాడులు మొదలయ్యాయి. 2024 జనవరిలో మరికొన్ని లోపాలు బయటపడినప్పుడు, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా జనవరి 31న తమ ప్రభుత్వ విభాగాలన్నీ ఆ పరికరాలను ఫిబ్రవరి 2లోగా నెట్‌వర్క్ నుంచి తొలగించాలని ఆదేశించింది. కాపలా కోసం కొన్న పరికరాన్ని రెండు రోజుల్లో పీకివేయవలసిన స్థితి అది. ధర ఎక్కువైనంత మాత్రాన నిర్వహణశ్రమ తప్పదని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

2021 మే 7న అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థపై జరిగిన దాడికి సాంకేతికలోపం కూడా అవసరం కాలేదు. వాడుకలో లేని పాత వీపీఎన్ ఖాతా ఒకటి రద్దుకాకుండా మిగిలిపోయింది. దానికి సంకేతపదం తప్ప రెండవ ధ్రువీకరణ లేదు. ఇంధన సరఫరా రోజుల తరబడి నిలిచింది. సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించింది. పరిశోధన ముగించి వెళ్ళిపోయిన విద్యార్థుల, బదిలీ అయిన అధ్యాపకుల ఖాతాలు రద్దుకాని మన సంస్థలకు ఈ ఘటన దూరపుది కాదు.

ఈ అనుభవాల నేపథ్యంలో, ఒక్కసారి ద్వారం దాటినవారిని లోపలంతా నమ్మడమే పొరపాటన్న వాదం బలపడింది. సంస్థ సరిహద్దుపై ఆధారపడే భద్రతను జెరికో ఫోరం 2004 నుంచే ప్రశ్నించింది. 2010లో ఫారెస్టర్ సంస్థకు చెందిన జాన్ కిండర్‌వాగ్ 'జీరో ట్రస్ట్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అదే ఏడాది తనపై జరిగిన దాడిని వెల్లడించిన గూగుల్, ఉద్యోగులు వీపీఎన్ లేకుండానే పనిచేసే బియాండ్‌కార్ప్ విధానాన్ని 2014 డిసెంబరులో ప్రచురించింది. 2020 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీనికి అధికారిక నిర్వచనం ఇచ్చింది. ఎవరు, ఏ పరికరం నుంచి, ఏ వనరును కోరుతున్నారన్నది ప్రతిసారీ పరిశీలించడం దీని సారం. అవసరమైన వనరుకు మాత్రమే దారి ఇచ్చిన గ్రంథాలయ పద్ధతికి ఇది సమీపబంధువు.

8. ఎంపికకు చరిత్ర సూచించే ప్రమాణాలు

పై పరిశీలన నుంచి కొనుగోలు పట్టికలో సాధారణంగా కనిపించని కొన్ని గడులను గుర్తించవచ్చు. లోపాలకు సవరణ విడుదలైన ఎన్ని రోజుల్లో, ఎవరు అమరుస్తారు? సంస్థను వదిలిన వ్యక్తి ప్రవేశం ఏ రోజున, ఎవరి సంతకంతో రద్దవుతుంది? రెండవ ధ్రువీకరణ అందరికీ ఉందా? ప్రవేశ వివరాలు ఎక్కడ భద్రమవుతాయి? మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. వీపీఎన్ సేవాసంస్థలు ఖాతాదారుల వివరాలను అయిదేళ్ళు ఉంచాలన్న షరతు సంస్థల అంతర్గత వీపీఎన్‌లకు వర్తించదని తరువాతి వివరణలో స్పష్టం చేశారు. 180 రోజుల నియమం మాత్రం వర్తిస్తుంది. దాని నిల్వకయ్యే ఖర్చు కూడా సాధనపు ధరలో భాగమే.

ఈ ప్రమాణాలతో చూస్తే సంస్థను బట్టి సమాధానం మారుతుంది. అధ్యాపకులకు కావలసింది ఎలక్ట్రానిక్ పత్రికలే అయితే కళాశాల సొంత వీపీఎన్ కొనవలసిన అవసరం లేదు. ఇన్‌ఫెడ్ వంటి సమాఖ్యలో చేరి, ఖాతాల జాబితాను ప్రతి విద్యాసంవత్సరం సరిచూసుకోవడం చవక, సురక్షితం. కార్యాలయంలోని ఒక లెక్కల సర్వరును పదిమంది బయటినుంచి వాడవలసిన చిన్న సంస్థకు వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ సరిపోతుంది. కాని ఆ బాధ్యత తెలిసిన వ్యక్తి ఒకరు, అతడు లేనప్పుడు చూసుకునే మరొకరు పేరుపేరునా నియమితులై ఉండాలి. అటువంటివారు లేనప్పుడు, నిర్వహణతో సహా అందించే సేవకు చందా కట్టడమే నిజమైన పొదుపు. అప్పుడు ఆ సేవాసంస్థను నమ్ముతున్నామన్న స్పృహ ఉండాలి. అనేక విభాగాలు, వేల ఉద్యోగులు ఉన్న సంస్థ మాత్రం మొత్తం నెట్‌వర్క్‌ను తెరిచే ద్వారం నుంచి ఒక్కొక్క వనరుకు విడిగా అనుమతి ఇచ్చే పద్ధతి వైపు క్రమంగా మారవలసి ఉంటుంది. ఏ స్థాయి సంస్థకైనా రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం తగదు.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. దూరప్రవేశ సాధనాల పరిణామంలో ఖర్చు ప్రధాన చోదకశక్తులలో ఒకటి. అద్దె లైను నుంచి డయల్-అప్‌కు, అక్కడినుంచి ఇంటర్నెట్ టన్నెల్‌కు జరిగిన మార్పుల వెనుక దూరానికి చెల్లించే రుసుమును తప్పించుకోవాలన్న ప్రేరణ ఉంది.

2. ప్రతి మార్పులోనూ నమ్మకం నిలిచే స్థానం మారింది. తీగ, చిరునామా, పరికరం, వ్యక్తి అనే వరుసలో అది మనిషికి దగ్గరవుతూ వచ్చింది. దానితోపాటు మనిషి చేయవలసిన నిత్యపర్యవేక్షణ కూడా పెరిగింది.

3. వీపీఎన్ అన్న ఒకే పేరు గుప్తీకరించిన మార్గానికి, టెలికాం సంస్థ వేరుచేసి ఇచ్చిన మార్గానికి కూడా వాడుకలో ఉంది. ఎంపికకు ముందు ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.

4. భారతీయ విద్యారంగంలో నిజమైన పొదుపు సామూహిక నిర్వహణ ద్వారా సిద్ధించింది. ఎర్నెట్, ఇన్‌ఫ్లిబ్‌నెట్ చరిత్ర ఇందుకు సాక్ష్యం. ఒంటరిగా నిపుణుణ్ణి నియమించుకోలేని కళాశాలలకు నేటికీ ఇదే అనుసరణీయమార్గం.

5. పీపీటీపీ ఉచితం, పల్స్ సెక్యూర్ ఖరీదైనది. రెండూ సకాలంలో మార్చని, సవరించని చోట్ల ప్రమాదానికి దారి ఇచ్చాయి. కాబట్టి సాధనపు ధరతోపాటు దానిని కనిపెట్టి ఉండే మనిషి వేతనాన్ని, సమయాన్ని కూడా తులనాత్మక పట్టికలో చేర్చినప్పుడే ఏది చవకో, ఏది సురక్షితమో నిర్ణయించడం సాధ్యమవుతుంది.